పీతల మూల ఎదురుగా సున్నా

సెప్టెంబరు 5

ప్రియమైన హారియెట్ అక్కకి,

ఈ సంగతి ఫోన్లో చెప్పవచ్చు. కానీ ఫోన్లో అయితే నువ్వు సగంలోనే ఏడుపు అందుకుంటావు, నేను నిన్ను కసిరి ఫోన్ పెట్టేస్తాను, చెప్పవలసింది నా కడుపులోనే ఉండిపోతుంది. అందుకే రాస్తున్నాను. పొగమంచు తెరిపిస్తే ఈ జాబు రేపటి విమానంలో నీకు సిట్కా చేరుతుంది. చదివాక చించెయ్యి. దాచుకున్నా సరే, నీ ఇష్టం.

అక్కా, నేను తప్పుడు లెక్క రాశాను.

నువ్వు ఊరు వదిలాక మొదలైన పని కాబట్టి నీకు దీని గురించి సగమే తెలుసు. ఆరేళ్ళుగా మన ఊరి తరఫున సముద్రపు నీటికుక్కల లెక్క రాస్తున్నది నేనే. జూలైలో తొమ్మిది రోజులు, ఇరవై ఆరు చోట్లు. వినీ అత్త పడవ నడుపుతుంది, నేను బైనాక్యులర్ పట్టుకుంటాను. ఇద్దరం విడివిడిగా లెక్కపెడతాం, ఒకళ్ళ అంకె ఒకళ్ళకి చెప్పుకోము. చోటు పూర్తయ్యాకే పోల్చుకుంటాం. నాది కాగితం. అత్తది పాత కాఫీ డబ్బా. నీటికుక్క కనిపిస్తే డబ్బాలో ఒక గులకరాయి వేస్తుంది, తల్లి పొట్ట మీద పిల్ల కనిపిస్తే ఒక గుల్లముక్క. "నీ కాగితం తడుస్తుందే పిల్లా, నా రాయి తడిసినా రాయే" అంటుంది. మొదట్లో నేను నాచుబుడ్డల్ని కూడా నీటికుక్కల తలలనుకుని రాసేసేదాన్ని. అదిప్పటికీ ఎత్తిపొడుస్తుంది.

ఇంతకాలం పైనున్న ప్రభుత్వ కార్యాలయం వాళ్ళు మన లెక్కని తీసుకుని పక్కన పెట్టేవాళ్ళు. వాళ్ళు విమానంలోంచి ఫొటోలు తీసి చేసే లెక్కే లెక్క. ఈ ఏడు పెట్రా అనే అమ్మాయి వచ్చింది, తెలివైనది, వినే పిల్ల. ఊరివాళ్ళ లెక్కా విమానం లెక్కా పక్కపక్కన పెట్టి చూద్దాం, కలిస్తే ఇకమీదట మీదే వాడదాం అంది. అంటే ఎక్కడ వేటాడాలో, ఏ అఖాతంలో వాటిని వాటి మానాన వదిలెయ్యాలో, అవి తినగా పీతలు ఎక్కడ మిగిలాయో మన తెగ సంఘమే చెబుతుంది. ఇరవయ్యో తారీఖున హాల్లో మీటింగు. కలవకపోతే వచ్చే ఏటినుంచి పడవలు కట్టేసుకుని విమానం చప్పుడు వింటూ కూర్చోవాలి.

నిన్న పెట్రా ఫోన్ చేసింది. "ఇరవై అయిదు చోట్ల బ్రహ్మాండంగా కలిసింది సెలీనా గారూ. ఒక్క చోట తేడా వస్తోంది. పీతల మూల. మీది సున్నా. మా ఫొటోల్లో అరవై దాటి ఉన్నాయి. ఏమై ఉంటుందంటారు?"

చూసి చెబుతానని ఫోన్ పెట్టేశాను.

చూడటానికేముందక్కా? నేను పీతల మూలలోకి వెళ్ళనే లేదు. జూలై తొమ్మిదిన ఆ అఖాతం మొగదాకా వెళ్ళాం. అత్త ఇంజను ఆపింది. మన తమ్ముడు డెల్బర్ట్ పోయిన నీళ్ళవి. ఏడాది విందు పెట్టేదాకా మన ఇంటివాళ్ళం ఆ నీళ్ళలోకి వెళ్ళమని అమ్మ పెట్టిన మాట, అది నీకు నేను చెప్పనక్కర్లేదు. పడవ అలా ఊగుతూ నిలబడి ఉంది. అత్త నా వైపు చూసింది. నేను రాళ్ళ వైపు చూశాను.

"పద అత్తా. అక్కడ ఏమీ లేవు."

"చూశావా?"

"చూశాను."

కాగితం మీద పెద్దవి సున్నా, పిల్లలు సున్నా అని రాశాను. "వెళ్ళలేదు" అని రాయడానికి కూడా అక్కడ చోటుంది అక్కా. ఆ గడి పెట్టించింది నేనే. గాలివాటానికో, పొగమంచుకో ఒక చోటు తప్పిపోతే అందులో రాస్తాం, అందులో సిగ్గేమీ లేదు. నేను అందులో రాయలేదు. అత్త పడవ తిప్పింది. ఇంటికొచ్చాక కాగితాలన్నిటి మీదా సంతకం పెట్టి, ఆ ఒక్క కాగితం దగ్గర కళ్ళజోడు మరిచిపోయానంది. కళ్ళజోడు దాని మెడలోనే వేలాడుతోంది.

ఏం చెయ్యాలో పాలుపోవడం లేదు. జవాబు రాయి.

నీ చెల్లెలు,
సెలీనా

సెప్టెంబరు 13

అక్కా,

నీ జాబు వచ్చింది. "అమ్మ మాట కోసం వెళ్ళలేదు, అంతే కదా, ఆ మాటే చెప్పెయ్. దానికింత బెంగెందుకు" అని రాశావు. అంతే అయితే ఈ పాటికి చెప్పేసి ఉండేదాన్ని. అంతే కాదు. మొన్న రాసిన జాబులో అసలు సంగతి దాచాను. రాద్దామని కూర్చుని, నువ్వు పంపిన సాక్సులు బాగున్నాయని రాద్దామా అనుకుని, అదీ రాయక ముగించేశాను. సాక్సులు బాగున్నాయి. ఒక జత అత్త లాక్కుంది.

నిరుడు సెప్టెంబరులో డెల్బర్ట్ మా ఇంటికొచ్చాడు. బూట్లు విప్పకుండా వంటింట్లోకి వచ్చేశాడు, వాడి అలవాటు తెలుసుగా. నేను హాలిబట్ చేప కోస్తున్నాను.

"అక్కా, పీతల మూలలోకి వచ్చేశాయే నీటికుక్కలు. నా బోనులన్నీ ఖాళీ. యాభై దాకా ఉన్నాయి, పిల్లలతో సహా. నీ కాగితంలో ఒక్క లైను రాసుకో, నా పేరు మీద."

"ఎవడు లెక్కపెట్టాడు?" అన్నాను.

"నేనేనే."

"పీతలు పట్టేవాడి కంటికి అయిదు నీటికుక్కలు యాభైగా కనిపిస్తాయిలే. బోనులు ఖాళీగా వస్తే ప్రతివాడూ ఇదే పాట. ఇద్దరు చూడాలి, తారీఖు కావాలి, పోటో ఆటో రాయాలి, సంతకం కావాలి. నోటిమాటలు రాసుకుంటూ పోతే నన్ను చూసి పైవాళ్ళు నవ్విపోరూ?"

వాడు నవ్వాడు. "అబ్బో, ఆఫీసరమ్మగారూ! ఒక ఫొటో తీసుకొస్తే రాస్తావా?"

"తే చూద్దాం" అన్నాను. చేప కోస్తూనే అన్నాను. తల కూడా ఎత్తలేదు.

అక్టోబరు మూడున వాడు వెళ్ళాడు. అందరూ బోనులు తీసుకురావడానికి వెళ్ళాడనుకున్నారు. నువ్వూ అదే అనుకున్నావు. వాడి పెళ్ళాం నాకొక్కదానికే చెప్పింది, కెమెరా అరువడిగి పట్టుకెళ్ళాడని. మధ్యాహ్నానికి నైరుతి గాలి లేచింది. పడవ దొరికింది, వాడు దొరకలేదు. ఆ రోజు నుంచీ కెమెరా మాట ఎవరి దగ్గరా ఎత్తలేదు. వాడి పెళ్ళాం దగ్గర కూడా ఎత్తలేదు.

ఇప్పుడు చెప్పు, పీతల మూలలో నీటికుక్కలు ఉంటే వాడు చెప్పింది నిజం. వాడు చెప్పింది నిజమైతే ఒక్క లైను రాసి ఊరుకోవలసినదాన్ని, వెక్కిరించి నీళ్ళమీదకి తోశాను. అవి అక్కడ లేకపోతే? లేకపోతే వాడు ఊరికే మొండికేసి వెళ్ళాడు, నేనన్నదే రైటు. ఎంత నీచమైన ఆలోచనో చూడు. తోడబుట్టినవాడు పోయాక కూడా వాడి మీద గెలవాలని చూశాను. పైగా బైనాక్యులర్ ఎత్తితే నీళ్ళ మీద నల్లటి తలలు కనిపిస్తాయి. ఆ నీళ్ళలో ఏ నల్లటి తల కనిపించినా నేను లెక్కపెట్టగలనా? అందుకని సున్నా పెట్టాను. కలం కూడా వణకలేదు.

ఇప్పుడు నాకు ఒక దారి దొరికింది. సంఘం పెద్ద ఎమ్మెట్ మామయ్యే చూపించారు. పొద్దున్న సంఘం ఆఫీసుకి పిలిచారు. అసలు సంగతి ఆయనకి తెలియదు.

"దానికేముందే? మీరు జూలైలో చూశారు, వాళ్ళు ఆగస్టులో చూశారు. ఈలోగా అవి వచ్చి ఉంటాయి. నీటికుక్కలు ఒకచోట ఉంటాయేమిటి? లేచి ఆ ముక్క చెప్పి కూర్చో. అయిపోతుంది."

"అలాగే మామయ్యా" అన్నాను.

చాలా చక్కటి అబద్ధం అక్కా. ఎవరూ తప్పు పట్టలేరు. నిజంగానే అవి కదులుతాయి. ఊరి లెక్క నిలబడుతుంది, ఆరేళ్ళ కష్టం నిలబడుతుంది, నా పరువూ నిలబడుతుంది. తెలిసింది ఒక్క అత్తకే. ఆఫీసు నుంచి తిన్నగా అత్త ఇంటికి వెళ్ళాను. వాకిట్లో కూర్చుని సాల్మన్ చేప ముక్కలు పొగలో ఎండబెట్టడానికి తాడుకి కట్టుకుంటోంది.

"అత్తా, మీటింగులో అవి తర్వాత వచ్చాయని చెబుతాను. నువ్వేమీ అనకు" అన్నాను.

అది ముక్కకి తాడు బిగించి, కొరికి తెంపి, అప్పుడు నా మొహంలోకి చూసింది. "నువ్వు నన్ను అడగవలసింది ఇది కాదే పిల్లా" అంది.

"మరేం అడగాలి?"

"అది కూడా నేనే చెప్పాలా? లే, నా పొగకి అడ్డం."

నాకు ఒళ్ళు మండిపోయింది. మేనత్త అయి ఉండి ఇలాంటప్పుడు కూడా పొడుపుకథలా? ఇరవయ్యో తారీఖున అది ఏం చేస్తుందోనని నాకు అన్నం సయించడం లేదు. ఏమైనా సరే, అవి తర్వాత వచ్చాయనే చెబుతాను. నిశ్చయించుకున్నాను. నువ్వు కాదనకు.

సెలీనా

సెప్టెంబరు 22

అక్కా,

నీ రెండో జాబు పంతొమ్మిదిన అందింది. ఒక్క వాక్యం రాశావు. "ఇంకో అబద్ధానికి నన్ను సాక్షిని చెయ్యకు." సంతకం కూడా లేదు. నీకు అంత కోపం వచ్చి ఎన్నేళ్ళయిందో! కోటు జేబులో పెట్టుకుని మీటింగుకి వెళ్ళాను. అయినా అబద్ధం చెప్పడానికే వెళ్ళాను, నీ దగ్గర ఇక దాచను.

హాలు నిండిపోయింది. పెద్దవాళ్ళు ముందు వరసలో, నీళ్ళలో మునిగి గుల్లలు ఏరే వాళ్ళంతా రాడ్నీ చుట్టూ గోడవార. రాడ్నీకి విమానం లెక్కే కావాలి. ఊరివాళ్ళు తమకి కావలసినట్టు రాసుకుంటారని వాడు మొదటి నుంచీ అంటున్నాడు. పెట్రా ఒక్కొక్క చోటే చూపించుకుంటూ వచ్చింది. మనది నలభై రెండు, వాళ్ళది నలభై. మనది పదిహేడు, వాళ్ళది పదిహేడు. పెద్దవాళ్ళు తలలూపుతున్నారు. ఎమ్మెట్ మామయ్య మొహం వెలిగిపోతోంది. అత్త వెనక వరసలో కాఫీ డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆ డబ్బా ఎందుకు తెచ్చిందో నాకు అర్థం కాలేదు.

ఆఖరున పీతల మూల ఫొటో గోడ మీద వేసింది.

"ఇక్కడొక్కచోటే తేడా. సెలీనా గారు చెబుతారు" అంది.

లేచాను. మాట నాలుక మీదే ఉంది. "అవి తర్వాత వచ్చి ఉంటాయి", ఇంతే. కానీ అక్కా, ఆరేళ్ళుగా పడిన అలవాటు. నీళ్ళ మీద నల్లటి చుక్కలు కనిపిస్తే నా కళ్ళు వాటంతట అవే లెక్కపెట్టేస్తాయి. ఎడమవైపు రాళ్ళ దగ్గర మొదలుపెట్టాను. పన్నెండు. నాచు మధ్యలో ఒక గుంపు, ముప్పై ఒకటి. అలా గోడకేసి చూస్తూ నిలబడ్డాను. హాలంతా నా కోసం చూస్తోంది. యాభై దాటాను. వాడు యాభై దాకా అన్నాడు. చేప కోస్తూ నేను తల కూడా ఎత్తలేదు.

"తర్వాత వచ్చి ఉంటాయి కదమ్మా" అని మామయ్య అందించారు.

"లేదు మామయ్యా. నాకు తెలియదు. నేను లోపలికి వెళ్ళలేదు. చూడకుండా సున్నా రాశాను" అన్నాను.

అప్పుడు రాడ్నీ గోడ దగ్గర నుంచి, "మిగతా ఇరవై అయిదూ చూసే రాశావా సెలీనా, లేక ఇంట్లో కూర్చుని కాఫీ తాగుతూ రాశావా?" అన్నాడు. నాలుగు నవ్వులు. మామయ్య తల వంచేసుకున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. నా తల పోతే పోయింది, ఆరేళ్ళ లెక్క నా చేతుల్లోనే మునిగిపోయిందక్కా, అందరి కళ్ళముందూ.

"నోరు ముయ్యరా రాడ్నీ. గాలం వేస్తాను ఆ నోటికి" అంటూ అత్త లేచింది. కుర్చీలు జరుపుకుంటూ, మోకాళ్ళని తిట్టుకుంటూ ముందుకి వచ్చింది. డబ్బా పెట్రా ముందు బల్ల మీద టక్కున పెట్టింది.

"పీతల మూల. జూలై పదకొండు. పొద్దున్న ఆటు మీద వెళ్ళాం, నేనూ నా కూతురు లోయిస్సూ. రెండు గంటలు ఉన్నాం. చూసుకో అమ్మాయీ."

పెట్రా డబ్బా బోర్లించి లెక్కపెట్టింది. రాళ్ళు అరవై మూడు. గుల్లముక్కలు పదిహేడు.

"ఆ రాళ్ళు ఇవాళ పొద్దున్న వేసినవి కావని ఎవరికి తెలుసు?" అన్నాడు రాడ్నీ.

"నువ్వంటావని తెలుసురా. అందుకే ఇది" అని అత్త రాళ్ళ మధ్య నుంచి ఒక కవరు తీసింది. అంటించిన కవరు. లోయిస్ తపాలాఫీసులో పని చేస్తుంది కదా, తన లెక్క కాగితాన్ని కవర్లో పెట్టి వాళ్ళమ్మ పేరుకే పోస్టు చేసింది. జూలై పన్నెండు ముద్ర. ఎవరూ విప్పలేదు. పెట్రా అందరి ముందూ చింపింది. పెద్దవి అరవై ఒకటి, పిల్లలు పదిహేడు, పోటూ ఆటూ, గాలి, సంతకం. ఫొటోలో పెద్దవి అరవై ఆరు. పిల్లల్ని విమానం నుంచి సరిగా చూడలేకపోయామని పెట్రాయే ఒప్పుకుంది.

నేను నిలబడే ఉన్నాను. ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. "రెండు నెలలు! ఎందుకు చెప్పలేదత్తా?" అన్నాను, అందరిలోనూ.

అది నాకు చెప్పలేదు, పెద్దవాళ్ళ వైపు తిరిగి చెప్పింది. "వీళ్ళు తల్లి వంశాన కాకి వాళ్ళు. మేము, వీళ్ళ నాన్న వైపువాళ్ళం, గద్ద వాళ్ళం. వీళ్ళింట్లో చావొస్తే పని చెయ్యవలసింది మేము. ఖాళీదైనా శవపెట్టె చేసింది మేము, వంట చేసింది మేము. ఆ నీళ్ళలోకి వీళ్ళు వెళ్ళకూడనప్పుడు వెళ్ళవలసిందీ మేమే. 'అత్తా, నా బదులు వెళ్ళిరా' అని ఒక్క మాట అడుగుతుందని ఆ మొగలో ఇంజను ఆపాను. అడగలేదు. పెద్ద ఆఫీసరు కదా, అన్నీ తనే మొయ్యాలి. అడగకపోయినా పని పనే కాబట్టి వెళ్ళొచ్చాను." అప్పుడు నా వైపు తిరిగింది. "ఆ సున్నా రాసిన చెయ్యి నీది. నువ్వు దాన్ని వెనక్కి తీసుకోకుండా నేను డబ్బా తీస్తే, మా అన్న కూతుర్ని నలుగురిలో అబద్ధాలకోరుని చేసినదాన్నయ్యేదాన్ని. నువ్వే తీసుకోవాలి. తీసుకున్నావు. ఇక కూర్చో."

అక్కా, ఎంత బుద్ధి తక్కువదాన్నో చూడు. అమ్మ పెట్టిన మాటలో సగమే పట్టుకున్నాను. వెళ్ళకూడదన్నది గుర్తుంచుకున్నాను, ఎదుటి వంశంవాళ్ళని అడగాలన్నది వదిలేశాను. అడిగితే ఎందుకని అడుగుతుందేమో, కెమెరా మాట బయటికొస్తుందేమోనని భయపడ్డాను.

ఊరి లెక్క నిలిచింది. కానీ ఊరికే నిలవలేదు. వచ్చే ఏడు నేను పడవ ఎక్కకూడదని సంఘం తీర్మానించింది. అత్తా లోయిస్సూ వెళతారు. నేను ఒడ్డున కాగితాలు సర్దాలి. మామయ్య ఆ మాట చదువుతున్నప్పుడు నా వైపు చూడలేదు. నాకేమీ కష్టంగా లేదని రాద్దామనుకున్నాను, కానీ నీకు ఇంకో అబద్ధం రాయను. చాలా కష్టంగా ఉంది.

ఇంటికి వస్తూ దారిలో అత్తకి అంతా చెప్పేశాను, చేప, ఫొటో, "తే చూద్దాం" అన్న మాట. ఊరుకోబెడుతుందనుకున్నాను. అది కాసేపు నడిచి, "గాలి పంపింది వాణ్ణి. వాడి మొండితనం పంపింది. నీ నోరు కూడా పంపింది, కాదనను" అంది. ఇంకాస్త దూరం నడిచాక నా చెయ్యి పట్టుకుంది. ఇంటిదాకా వదల్లేదు.

నవంబరు పదిహేనున విందు. నువ్వు రెండు రోజుల ముందే రావాలి. బెర్రీలు నేను దాచాను, హెర్రింగు చేప గుడ్లు నువ్వు తే. ఎదుటివాళ్ళకి వడ్డించేటప్పుడు మొదటి గిన్నె అత్తకి మనిద్దరం కలిసి పట్టుకెళదాం. ఆ మర్నాడు అత్త మనల్ని పీతల మూలకి తీసుకెళుతుందట. అడిగాను. ఈసారి నోరు తెరిచి అడిగాను.

ఒక్క సంగతి మిగిలింది. మీటింగు అయ్యాక పెట్రా ఆ కాగితం నా ముందు పెట్టింది. నేను సున్నా కొట్టేసి, "వెళ్ళలేదు" గడిలో సంతకం పెట్టాను. కింద అత్త లెక్కా, లోయిస్ లెక్కా ఎక్కించాను. పక్కన ఖాళీ ఉంది, ఏమైనా రాయాలంటే రాసుకోవడానికి. ఇద్దరు చూడలేదు, పోటో ఆటో తెలియదు, సంతకం లేదు. అయినా కలం తీసి రాశాను. "నిరుడు సెప్టెంబరు. యాభై దాకా, పిల్లలతో సహా. చూసి చెప్పినవాడు: డెల్బర్ట్." పెట్రా అడ్డు చెప్పలేదు.

వాడు అడిగింది ఆ ఒక్క లైనే కదా అక్కా.

నీ రాక కోసం చూస్తూ,
సెలీనా